నష్టం వచ్చిననాడు ఎవరి తలుపు తడుతుంది? – రోడ్లు, రైళ్లలో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం

సెంటినరీ కాలనీ నుంచి గోదావరిఖని మీదుగా హైదరాబాద్‌కు కారులో బయలుదేరిన మనిషికి మొదట ఎదురయ్యేవి టిప్పర్లు. షిఫ్టు మారే వేళైతే బైకులు, బస్సులు, బొగ్గు బండ్లు ఒకదాని వెనక ఒకటి నెమ్మదిగా కదులుతుంటాయి. ట్యాంకర్ నీళ్లు చల్లిపోయిన చోట రోడ్డు నల్లగా మెరుస్తుంది. ఎండిన చోట అదే నలుపు దుమ్మై లేచి అద్దాల మీద కూర్చుంటుంది. ఇక్కడ టోల్ లేదు. గోదావరిఖని దాటి రాజీవ్ రహదారి ఎక్కాక బసంత్‌నగర్ దగ్గర మొదటి గేటు వస్తుంది. కరీంనగర్ అవతల రేణికుంటలో రెండోది, సిద్దిపేట అవతల దుద్దెడలో మూడోది. ఫాస్టాగ్ వచ్చాక చిల్లర వెతుక్కునే పని తప్పింది. గేటు లేచాక డబ్బు మినహాయించినట్టు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. శామీర్‌పేట దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఇంకో టోల్. నగరంలో మెట్రో ఎక్కితే టికెట్. శంషాబాద్‌లో విమానం ఎక్కితే టికెట్ ధరలోనే యూజర్ ఫీజు.

అంటే ఒక్క ప్రయాణంలో ఈ మనిషి నాలుగు పెద్ద ఒప్పందాల మీదుగా నడిచాడు. నాలుగింటిలోనూ ఒకవైపు ప్రభుత్వం, ఒకవైపు ప్రైవేటు కంపెనీ సంతకాలు చేశాయి. డబ్బు కట్టేది ఇతనే అయినా ఆ కాగితాలను ఇతను ఎన్నడూ చూడలేదు. రోడ్లకు, రైళ్లకు ప్రైవేటు పెట్టుబడి రావాలా వద్దా అన్న వాదన మన దగ్గర చాలాకాలంగా నడుస్తోంది. ఆ వాదనకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. లెక్క తప్పిన రోజున, బండ్లు రాని రోజున, అప్పు తీరని రోజున ఆ నష్టం వచ్చి ఎవరి తలుపు తడుతుంది? నూట నలభై ఏళ్ల మన అనుభవం దీనికి చాలాసార్లు ఒకే జవాబు చెప్పింది.

నిజాం కాలంలోనే మొదలు

ఈ పద్ధతి 1990ల సంస్కరణలతో పుట్టిందని చాలామంది అనుకుంటారు. సింగరేణి ప్రాంతం వాళ్లకు మాత్రం ఇది తాతల నాటి కథ. వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874లో నిజాం డబ్బుతో వచ్చింది. దాన్ని తూర్పున బెజవాడ వైపు, ఉత్తరాన చాందా వైపు పొడిగించడానికి 1883లో లండన్‌లో ఒక కంపెనీని పెట్టారు. దాని పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. పేరులోని ఆ ‘గ్యారంటీ’యే అసలు సంగతి. రైలు లాభంలో నడిచినా నష్టంలో నడిచినా, వాటాదారుల పెట్టుబడికి ఇరవై ఏళ్లపాటు ఏటా 5 శాతం వడ్డీ ఇస్తానని నిజాం ప్రభుత్వం మాటిచ్చింది. పెట్టుబడి లండన్‌ది, పూచీ హైదరాబాద్ ఖజానాది. ఖజానా అంటే రైతు కట్టే శిస్తు.

దీన్ని ప్రశ్నించినవాళ్లు అప్పుడే ఉన్నారు. సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం తదితరులు చాందా రైల్వే పథకం వివరాలు ప్రజల ముందు పెట్టాలని అడిగారు. 1883లో చటోపాధ్యాయను సంస్థానం నుంచే పంపించేశారు. మౌలిక వసతుల ఒప్పందం కాగితాలు చూపించండి అని అడిగినందుకు మన గడ్డ మీద పడిన తొలి శిక్షల్లో అదొకటి. నాడు గొడవ జరిగిన ఆ చాందా దారి చివరికి 1929 నాటికి కాజీపేట–బల్లార్షా లైనుగా పూర్తయింది. ఇవాళ రామగుండం స్టేషన్‌లో మనం రైలెక్కేది ఆ లైను మీదే.

బొగ్గు కథ కూడా ఇలాగే నడిచింది. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ అనే లండన్ కంపెనీకి 99 ఏళ్ల గని హక్కులు దక్కాయి. వాటాల్లో అధికభాగం డబ్బు పెట్టకుండానే ప్రమోటర్ల చేతికి వెళ్లాయి. వాటిలో కొన్నింటిని నిజాం ప్రభుత్వ సొమ్ముతోనే, ముఖవిలువకు మించిన ధరకు కొనిపించారు. హక్కు రాసిచ్చింది నిజాం ప్రభుత్వమే, దాన్ని మళ్లీ డబ్బు పెట్టి కొన్నదీ అదే. ఈ కుంభకోణం మీద 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ విచారణ జరిపింది. కంపెనీ 1920లో సింగరేణి కాలరీస్‌గా మారింది. 1945లో అధిక వాటాలు నిజాం ప్రభుత్వానికి వచ్చాయి. ఇప్పుడు 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. రైల్వేను కూడా నిజాం ప్రభుత్వం 1930లో సొంతం చేసుకుంది. రెండు కథల్లోనూ ఆరంభం ప్రైవేటు లాభంతో జరిగింది, ముగింపుకు వచ్చేసరికి బాధ్యత ప్రజల ఖాతాలో చేరింది. కంపెనీ శతాబ్ది పేరు మోస్తున్న కాలనీలో ఉంటూ ఈ చరిత్రను మరిచిపోవడం మనకు తగదు.

వంద రూపాయల రోడ్డు

ఇప్పటి ఒప్పందాలకు పొట్టి పేర్లు చాలా ఉన్నాయి. వంద రూపాయలతో ఒక రోడ్డు వేస్తున్నామనుకుంటే అవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

బీవోటీ పద్ధతిలో కంపెనీ సొంత డబ్బు, బ్యాంకు అప్పు పెట్టి రోడ్డు వేస్తుంది. నిర్ణీత ఏళ్లు టోల్ వసూలు చేసుకుని తర్వాత ప్రభుత్వానికి అప్పగిస్తుంది. బండ్లు ఎక్కువ వస్తే లాభం, తక్కువ వస్తే నష్టం కంపెనీవే. టోల్ ఒక్కదానితో గిట్టుబాటు కాదనుకుంటే ప్రభుత్వం కొంత గ్రాంటు ఇస్తుంది. దీన్నే వీజీఎఫ్ అంటున్నారు. కేంద్రం 20 రూపాయల దాకా, పథకం చేపట్టిన రాష్ట్రం లేదా సంస్థ మరో 20 దాకా ఇవ్వవచ్చు.

యాన్యుటీ పద్ధతిలో కంపెనీ రోడ్డు వేస్తే ప్రభుత్వం ఏటా ఇంత అని వాయిదాలు కడుతుంది. ప్రభుత్వమే డబ్బిచ్చి కట్టించే పద్ధతిని యాన్యుటీతో కలిపి 2016లో కేంద్రం తెచ్చినదే హామ్. వందలో 40 రూపాయలు పని జరుగుతుండగానే ప్రభుత్వం విడతలుగా ఇస్తుంది. మిగతా 60 కంపెనీ తెచ్చుకుంటుంది. రోడ్డు పూర్తయ్యాక దాన్ని వడ్డీతో సహా 15 ఏళ్లపాటు ఆరు నెలలకోసారి తిరిగి తీసుకుంటుంది. టోల్ ఉంటే అది జాతీయ రహదారుల సంస్థకు పోతుంది. బండ్లు తగ్గినా కంపెనీకి ఇబ్బంది లేదు, ఆ లోటు ప్రభుత్వానిది. చివరిది టీవోటీ. ఇప్పటికే నడుస్తున్న రోడ్డును ఏళ్ల తరబడి టోల్ హక్కుతో లీజుకిచ్చి, డబ్బు ఒకేసారి ముందే తీసుకోవడం.

పేర్లు మారిన ప్రతిసారీ మారేది నష్టభయం ఎవరి భుజం మీద ఉందన్నదే. పాఠకుడు ఇదొక్కటి పట్టుకుంటే మిగతా లెక్కలన్నీ దారికొస్తాయి.

మన దారిలోని ఒప్పందాలు

మొదట రాజీవ్ రహదారి. హైదరాబాద్, కరీంనగర్, రామగుండం మధ్య సుమారు 207 కిలోమీటర్ల రోడ్డును నాలుగు వరుసలు చేయడానికి 2010లో ఒప్పందం కుదిరింది. బీవోటీ పద్ధతి, 25 ఏళ్ల గడువు, ప్రభుత్వ గ్రాంటు. రోడ్డు వచ్చాక కోల్‌బెల్ట్‌కు రాజధాని దగ్గరైందన్నది ఎవరూ కాదనలేని నిజం. రాత్రివేళ షిఫ్టు దిగినవాడు తెల్లారేసరికి హైదరాబాద్ ఆస్పత్రిలో ఉన్న తల్లి మంచం పక్కకు చేరగలుగుతున్నాడు. అయితే టోల్ కడుతున్నవాళ్లకు ఇది పూర్తి రహదారి అనిపించదు. మలుపులు, ఊళ్ల మధ్య క్రాసింగులు, సర్వీసు రోడ్ల కొరత గురించిన ఫిర్యాదులు ఏళ్లుగా వినపడుతూనే ఉన్నాయి. ట్రాఫిక్ పెరిగితే ఆరు వరుసలు ఎప్పుడు చేయాలి, ఎవరు చేయాలి, గడువు మధ్యలో కొత్త అవసరం వస్తే ఎవరు డబ్బు పెట్టాలి అన్నవి పాతికేళ్ల ఒప్పందంలో ముందే రాసుకోవాల్సిన సంగతులు. అలా రాసుకోని చోట రోడ్డు ఆ పాతికేళ్లూ సంతకం చేసిన రోజు దగ్గరే ఆగిపోతుంది.

తర్వాత అవుటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్లు. కొంత భాగం యాన్యుటీతో, కొంత జపాన్ సంస్థ జైకా అప్పుతో కట్టారు. కట్టే కష్టం, అప్పు భారం ప్రభుత్వానివే. 2023లో దాన్ని టీవోటీ కింద 30 ఏళ్లకు ఐఆర్‌బీ సంస్థకు లీజుకిచ్చి 7,380 కోట్ల రూపాయలు తీసుకున్నారు. ధర సరైనదా కాదా అన్నదాని మీద రాజకీయ వాదన ఇంకా ఆగలేదు. నన్ను కలతపెట్టేది దానికి ముందున్న ప్రశ్న. ముప్పై ఏళ్లంటే ఆరు శాసనసభల కాలం. ఒక ప్రభుత్వం సంతకం చేసి, తర్వాతి ఐదు ప్రభుత్వాలకు రావాల్సిన రాబడిని ముందే చేతిలో పట్టుకుంది. ఆ సొమ్ముతో మళ్లీ ముప్పై ఏళ్లు నిలిచే ఆస్తి సమకూర్చుకుంటే అది సంసారం. రోజువారీ ఖర్చుల్లో కలిసిపోతే అది విత్తనాల గింజలు వండుకు తినడం. చట్టం ఈ తేడాను గుర్తించి, అలా వచ్చిన డబ్బు ఏ ఖాతాలో పడాలో, ఎందుకు వాడాలో శాసించాలి.

మూడోది మెట్రో. ఇది మనకు పెద్దబాలశిక్ష లాంటి పాఠం. 2008లో మేటాస్ సంస్థ ప్రభుత్వం నుంచి గ్రాంటు అడగకపోగా, తానే ప్రభుత్వానికి ఏళ్ల మీద 30,311 కోట్ల రూపాయలు ఇస్తానని టెండర్ గెలిచింది. ప్రపంచంలో దాదాపు ఎక్కడైనా మెట్రో కట్టడానికి ప్రభుత్వమే చేయూతనివ్వాలి. అలాంటిది ఎదురు డబ్బు ఇస్తామంటే చూపు రైలు మీద లేదని, దానితో వచ్చే భూముల మీద ఉందని ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ అప్పుడే హెచ్చరించారు. ఆయన మాట వినలేదు. 2009 జనవరిలో మేటాస్ ప్రమోటర్ల కుటుంబానిదే అయిన సత్యం కంపెనీ బాగోతం బయటపడింది. ఆ ఏడాదే ఒప్పందం రద్దయింది.

2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. 35 ఏళ్ల ఒప్పందం, కేంద్రం నుంచి 1,458 కోట్ల వీజీఎఫ్, 269 ఎకరాల్లో స్థిరాస్తి అభివృద్ధి హక్కులు. 2017 నవంబరులో రైలు పట్టాలెక్కింది, తర్వాత మూడు కారిడార్లలో సుమారు 69 కిలోమీటర్లకు విస్తరించింది. నిర్మాణ నాణ్యతలో పేరు తెచ్చుకుంది. కానీ పాతబస్తీ భాగం ఒప్పందంలో ఉన్నా కట్టలేదు. భూముల మీద అనుకున్న రాబడి రాలేదు. 2020లో కోవిడ్ అయిదు నెలలకు పైగా రైళ్లను ఆపేసింది. అప్పుల మీద వడ్డీ పెరిగింది. చివరికి 2025 సెప్టెంబరులో కంపెనీ తప్పుకోవడానికి, ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పు ప్రభుత్వం నెత్తికెత్తుకోవాలని, వాటాల కింద సుమారు 2,000 కోట్లు ఇవ్వాలని అప్పుడు అనుకున్నారు.

ఇందులో కంపెనీని ఒక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. రైలు నిజంగా కట్టారు, నిజంగా నడిపారు, నిజంగానే నష్టపోయారు. కానీ 1930లో నిజాం రైల్వే విషయంలో జరిగినదే ఇక్కడా జరిగింది. మెట్రో లాంటిది ఆగిపోతే నగరం ఆగిపోతుంది. కాబట్టి ప్రభుత్వం ఏ నాడూ ‘నీ నష్టం నీదే’ అని చేతులు దులుపుకోలేదు. ఒప్పందంలో నష్టభయం ఎవరిదని రాసినా, చివరి పూచీదారు ప్రజలే. ఈ సంగతి ఇద్దరికీ ముందే తెలుసు కాబట్టి ముందే రాసుకోవాలి. తప్పుకోవాలంటే ఎప్పుడు, ఏ ధరకు, ఎవరి లెక్క ప్రకారం అన్నది మొదటి రోజు కాగితం మీద ఉండాలి.

నాలుగోది శంషాబాద్ విమానాశ్రయం. 2004లో ఒప్పందం, 2008 మార్చిలో ప్రారంభం. మొదట జీఎంఆర్‌కు 63 శాతం, మలేసియా విమానాశ్రయాల సంస్థకు 11, కేంద్ర సంస్థకు 13, రాష్ట్రానికి 13 శాతం వాటాలు. ప్రభుత్వం సుమారు 5,500 ఎకరాలిచ్చింది. ఇది విజయమనే చెప్పాలి. కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. ప్రయాణికులు ఏళ్ల మీద పెరిగారు, ప్రభుత్వం వాటాదారుగా లోపల కూర్చుంది, ఫీజులను కంపెనీకి వదిలేయకుండా ఎరా అనే నియంత్రణ సంస్థ నిర్ణయిస్తోంది. అయినా ఈ విజయం పక్కన ఒక షరతుంది. 25 ఏళ్లపాటు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్నారు. ఆ గీత వరంగల్ మామునూరును ఏళ్ల తరబడి ఆపింది. 2024 నవంబరులో కంపెనీ అంగీకారం దొరికాకే అడుగు ముందుకు పడింది. శంషాబాద్‌లో రాసుకున్న ఒక వాక్యం వరంగల్ ప్రాంతాన్ని రెండు దశాబ్దాలు వేచి ఉండమంది. దాన్ని రాసేటప్పుడు వరంగల్‌ను అడిగినవాళ్లు లేరు.

టోల్ లేని భాగస్వామ్యాలు

ఇదే నేలలో ఇంకో తరహా భాగస్వామ్యాలు నిశ్శబ్దంగా పనిచేస్తున్నాయి. రామగుండం ఎన్టీపీసీకి మన గనుల నుంచి బొగ్గు వెళ్లేది ఎంజీఆర్ అనే సొంత రైలు మార్గంలో. 2,600 మెగావాట్ల కేంద్రానికి అన్నం పెట్టే దారి అది. బొగ్గు లారీలెక్కి ఊళ్ల మధ్య నుంచి పోవాల్సిన పని లేకుండా రెండు ప్రభుత్వ సంస్థల మధ్య సొంత దారి ఏర్పడింది.

అంతకంటే తాజా ఉదాహరణ భద్రాచలం రోడ్డు–సత్తుపల్లి లైను. కొత్తగూడెం నుంచి సత్తుపల్లి గనుల దాకా సుమారు 54 కిలోమీటర్లు. భూసేకరణ ఖర్చు రైల్వేది, నిర్మాణ ఖర్చు సింగరేణిది. సింగరేణి వాటా 600 కోట్లు దాటింది. 2022లో లైను పూర్తయింది. ఎవరు ఎంత పెట్టాలో ఒక్క వాక్యంలో చెప్పగలగడం ఈ ఒప్పందం బలం. వాడేవాడే పెట్టుబడి పెట్టాడు, బొగ్గు వస్తుందా రాదా అన్నది గని తవ్వేవాడికంటే ఎవరికి బాగా తెలుస్తుంది? నష్టభయాన్ని దాన్ని మోయగలిగినవాడి మీదే పెట్టడం అంటే ఇదే. రాఘవాపురం నుంచి మంథని, భూపాలపల్లి మీదుగా మణుగూరుకు అనుకుంటున్న రైలు మార్గానికీ ఈ అనుభవం పనికొస్తుంది. ఆ లైను వస్తే గోదావరి ఒడ్డున ఉన్న కోల్‌బెల్ట్ మొత్తం ఒక్క దండలో కూర్చినట్టవుతుంది.

గనుల ప్రాంతానికి మరో నిధి కూడా ఉంది. 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి, అంటే డీఎంఎఫ్‌టీ. పాత లీజుల మీద కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము ఇందులో చేరుతుంది. తాగునీరు, వైద్యం, చదువుకు పెద్దపీట వేసి, మిగతా భాగం రోడ్ల లాంటి పనులకు వాడవచ్చు. దీనికి వడ్డీ లేదు, టోల్ లేదు, ముప్పై ఏళ్ల లీజు లేదు. టిప్పర్లు తొక్కిన రోడ్డును బాగుచేయడానికి ఇంతకంటే న్యాయమైన డబ్బు ఇంకొకటి కనిపించదు. అది ప్రభావిత గ్రామాలకే చేరేలా గ్రామసభలు పట్టుబట్టాలి.

బయటి అనుభవం

బ్రిటన్ 1992లో పీఎఫ్ఐ పేరుతో బడులు, ఆస్పత్రులు, రోడ్లు ప్రైవేటు డబ్బుతో కట్టించడం మొదలుపెట్టింది. బడ్జెట్‌లో అప్పు కనిపించకపోవడం అందులోని ఆకర్షణ. 2018 జనవరిలో అక్కడి ఆడిట్ సంస్థ లెక్క తీస్తే, సుమారు 60 బిలియన్ పౌండ్ల ఆస్తులకు 2040ల దాకా ఇంకా కట్టాల్సినది 199 బిలియన్ పౌండ్లని తేలింది. ఆ నెలలోనే ఇలాంటి ఒప్పందాలెన్నో చేతిలో ఉన్న కారిలియన్ కంపెనీ కుప్పకూలింది. ఆ ఏడాది చివరికి ప్రభుత్వం కొత్త పీఎఫ్ఐలకు స్వస్తి చెప్పింది.

ఢిల్లీ–నోయిడా వంతెన కథ మనకింకా దగ్గరిది. 1997 ఒప్పందంలో మొత్తం ఖర్చు మీద ఏటా 20 శాతం రాబడి ఖాయమని రాశారు. అంత రాని ఏడాది, ఆ లోటును మళ్లీ ఖర్చులోనే కలిపేశారు. దాంతో ఎంత టోల్ కట్టినా బాకీ తీరకపోగా పెరుగుతూ పోయింది. 2016లో అలహాబాద్ హైకోర్టు టోల్ ఆపించింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. పాత కాలపు వడ్డీవ్యాపారి పుస్తకం చూసినవాళ్లకు ఈ లెక్క కొత్తది కాదు.

2015లో విజయ్ కేల్కర్ కమిటీ మన దేశపు అనుభవాన్నంతా సమీక్షించింది. సేవ అందించే బాధ్యత నుంచి తప్పుకోవడానికి ప్రభుత్వాలు ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యాన్ని (పీపీపీని) సాకుగా వాడుకోరాదని చెప్పింది. నష్టభయాన్ని మోయగలిగిన వాళ్లకే అప్పగించాలని, స్వతంత్ర నియంత్రణ సంస్థలు ఉండాలని, పరిస్థితులు మారితే ఒప్పందాన్ని సవరించుకునే పద్ధతి ముందే ఉండాలని, కంపెనీలే పథకాలు పట్టుకొచ్చే స్విస్ చాలెంజ్ పద్ధతిని ప్రోత్సహించరాదని సూచించింది. పదేళ్లు దాటినా ఆ కాగితం పాతబడలేదు.

పుట్టపాక దగ్గర మొదలయ్యే ప్రశ్న

ఇవన్నీ ఇప్పుడెందుకంటే, తర్వాతి ఒప్పందం మన గుమ్మం ముందుకే వచ్చింది. నాగపూర్–విజయవాడ కారిడార్‌లో మంచిర్యాల నుంచి వరంగల్‌కు 108 కిలోమీటర్ల కొత్త రహదారికి 2023 జులైలో ప్రధాని వరంగల్‌లో శంకుస్థాపన చేశారు. మంచిర్యాల–వరంగల్ మధ్య దూరం సుమారు 34 కిలోమీటర్లు తగ్గుతుందన్నారు. మంథని దగ్గరి పుట్టపాక ఈ రోడ్డు ప్యాకేజీల్లో ఒకచోట ముగింపు, ఇంకోచోట మొదలు. పద్ధతి హామ్. రాష్ట్ర ప్రభుత్వం కూడా 2025లో తన రోడ్లకు హామ్‌నే ఎంచుకుంది. జాతీయ రహదారుల సంస్థకు దేశమంతటి టోల్ రాబడి ఉంది. రాష్ట్ర రోడ్డుకు టోల్ లేకపోతే ఆ 60 రూపాయలు, దాని మీద వడ్డీ ఏటేటా బడ్జెట్ నుంచే రావాలి. పేరు పెట్టుబడి అయినా స్వభావం అప్పే. అప్పు తప్పు కాదు. అప్పని చెప్పి చేస్తే చాలు.

నేను పీపీపీని వద్దనేవాణ్ని కాను. ప్రభుత్వం దగ్గర సరిపడా డబ్బు లేనప్పుడు, రోడ్డు పదేళ్లు ఆలస్యమైతే ఆ పదేళ్లలో పోయే ప్రాణాలకు కూడా లెక్కుంది. నేను కోరేది మూడే. ఒప్పందం మొత్తం, సవరణలతో సహా, తెలుగులో సారాంశంతో జనం చూసేచోట ఉండాలి. టోల్‌గేటు దగ్గర రేట్ల పట్టిక పక్కనే ఇంకో బోర్డు ఉండాలి: ఎంత పెట్టుబడి, ఇప్పటిదాకా ఎంత వసూలైంది, గడువు ఏ తేదీకి ముగుస్తుంది, కట్టాల్సిన సర్వీసు రోడ్లలో ఎన్ని మిగిలాయి. భూమి ఇచ్చిన ఊరికి, పొలం రెండు ముక్కలైన రైతుకు అండర్‌పాస్ ఎక్కడ రావాలో సంతకానికి ముందే చెప్పే అవకాశం ఉండాలి. కంచె వేసిన రహదారి మీద తర్వాత దారి అడిగితే ఎవరూ ఇవ్వరు.

1883లో చటోపాధ్యాయ అడిగింది మొదటి కోరికనే. ఆయన్ను సంస్థానం దాటించారు. ఇవాళ మనకు సమాచార హక్కు చట్టం ఉంది, శాసనసభ ఉంది, గ్రామసభ ఉంది. అడిగినందుకు ఎవరూ ఊరు దాటించరు. రామగిరి ఖిల్లా కింద పొలాల్లో హద్దురాళ్లు పాతే రోజున, ఆ రాయి ఏ కాగితం ప్రకారం పాతుతున్నారో అడిగి చదివే మనిషి ఒక్కరైనా ఊరికి ఉండాలి. నష్టం తలుపు తట్టకముందే మనం వెళ్లి ఒప్పందం తలుపు తట్టాలి.